‘ధైర్యంగా ఉండండి’ అన్నది వైద్యం కాదు



నాలుగు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదని కొందరు మిత్రులు ఫోను చేసి అడిగారు. దాచవలసిన కారణమేమీ లేదు. ఆరేళ్ళ క్రితం నా గుండె ధమనిలో అమర్చిన స్టెంటు లోపల మళ్ళీ పూడిక ఏర్పడింది. రెండవసారి ఆంజియోప్లాస్టీ చేయాలని నిర్ణయించారు. దానికి ఇంకా పన్నెండు రోజుల వ్యవధి ఉంది. నేనీ రోజు రాస్తున్నది ఆ చికిత్స గురించి కాదు, ఈ పన్నెండు రోజుల గురించి.

పదవీ విరమణ తర్వాత శంషాబాద్ సమీపంలో ఇల్లు కట్టుకున్నాను. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాశ్రయం ఇక్కడికి తరలివచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో రాత్రికీ పగటికీ తేడా లేదు. అయినా ఇన్నేళ్ళలో ఏనాడూ విమానాల చప్పుడు నా నిద్ర చెడగొట్టలేదు. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, దిగే విమానాలను లెక్కపెడుతూ పడుకొని ఉంటాను. “ఏమండీ, నిద్ర పట్టలేదా?” అని నా భార్య అడిగితే “ఈ విమానాల గోల” అంటున్నాను. అది అబద్ధం. నాకు భయంగా ఉంది.

ముప్ఫై మూడేళ్ళు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవాడు ఈ మాట బహిరంగంగా రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా రాయవలసిందే. గుండె చికిత్స కోసం, అందునా రెండవసారి, ఎదురు చూస్తున్న మనిషి భయాన్ని మన వైద్యవ్యవస్థ రోగంలో భాగంగా చూడడం లేదు. రోగి బలహీనతగా చూస్తున్నది. ఇది తప్పు. కేవలం మర్యాదకు సంబంధించిన తప్పు కాదు, వైద్యపరమైన తప్పు.

నాకు ఆంజియోగ్రామ్ చేసిన యువ వైద్యుడు సమర్థుడు. అతని చేతి నైపుణ్యం మీద నాకు సందేహం లేదు. ఫలితం చూపించి, “సార్, మీరూ డాక్టరే, మీకు నేను చెప్పేదేముంది, ధైర్యంగా ఉండండి” అని, తేదీ రాసిచ్చి, తర్వాతి రోగిని పిలిచాడు. అంతా కలిపి మూడు నిమిషాలు. బయటకు వచ్చి కుర్చీలో కూర్చున్నాక అతని మీద కోపం రాలేదు. ఆ మాట నేను ఎన్ని వేల మందితో అని ఉంటానో గుర్తుకు వచ్చింది.

వారిలో ఒకరి ముఖం నన్ను వదలడం లేదు. ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న కాలంలో ముప్ఫై ఏళ్ళు దాటని ఒక స్త్రీ వచ్చేది. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం ఆమె గుండె కవాటాన్ని ఇరుకు చేసింది. హైదరాబాదులో బెలూన్‌తో దాన్ని వెడల్పు చేశారు. కొన్నేళ్ళకు మళ్ళీ మూసుకుపోసాగింది. రెండవసారి చేయించుకోవాలని తేదీతో సహా కాగితం ఇచ్చారు. ఆ కాగితం నా బల్ల మీద పెట్టి ఆమె అడిగింది: “సారూ, మొదటిసారి చేసిందే నిలువకపాయె, రెండోసారి చేసింది నిలుస్తదా?”

ఎంత సూటి ప్రశ్న! ఏ వైద్యసభలోనైనా అడగదగిన ప్రశ్న. దానికి సమాధానం కూడా నాకు తెలుసు. కానీ బయట వంద మంది వరుసలో ఉన్నారు. “ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు” అని పంపేశాను. చాలా నెలల తర్వాత ఆమె భర్త మరేదో పని మీద వచ్చి చెప్పాడు, ఆ తేదీకి ఆమె హైదరాబాదు వెళ్ళలేదట. భయపడి ఇంట్లోనే ఉండిపోయిందట. అప్పటికే ఆమె లేదు.

భయం వల్ల ఎవరూ చనిపోరని చెప్పేవారికి నా సమాధానం ఇదే. భయపడినవాడు తేదీ దాటవేస్తాడు. మాత్రలు మానేస్తాడు, లేదా ఎవరో చెప్పిన ఆకుపసరు తాగుతాడు. నొప్పి వచ్చినా ఇంట్లో చెప్పడు. నిద్ర లేక, నడక మాని, రక్తపోటు పెంచుకుంటాడు. 2004లో 52 దేశాల్లో జరిపి ప్రచురించిన ఇంటర్‌హార్ట్ పరిశోధన గుండెపోటుకు దారితీసే కారణాల జాబితాలో పొగాకు, మధుమేహం, రక్తపోటులతో పాటు మానసిక ఒత్తిడిని కూడా చేర్చింది. మనం పొగాకు గురించి అడుగుతాం, చక్కెర గురించి అడుగుతాం. “మీకు దేని గురించి భయంగా ఉంది?” అని మాత్రం అడగం.

మన భాష కూడా గుండె రోగికి అన్యాయమే చేసింది. తెలుగులో గుండె అంటే అవయవం మాత్రమే కాదు, ధైర్యం కూడా. గుండె దిటవు చేసుకోమంటాం. గుండె రాయి చేసుకోమంటాం. సాహసిని గుండెలు తీసిన బంటు అంటాం, భయస్తుణ్ణి గుండె లేనివాడంటాం. కాలు విరిగినవాడు భయపడితే ఎవరూ తప్పు పట్టరు. గుండె రోగి భయపడితే మాత్రం అతని గుండె రెండు విధాలా బలహీనమైందని తేలుస్తాం. అందుకే మగవారు, ముఖ్యంగా నా వయసువారు, ఈ భయాన్ని ‘గ్యాస్’ అనీ, ‘నిద్ర పట్టడం లేదు’ అనీ, నాలాగా ‘విమానాల గోల’ అనీ పేర్లు మార్చి చెబుతారు.

రెండవసారి ఎదురుచూపు మొదటిదాని వంటిది కాదు. మొదటిసారి నాకు గుండెపోటు వచ్చింది. భయపడడానికి వ్యవధే లేకపోయింది. గంటన్నరలో స్టెంటు వేసి పడుకోబెట్టారు. ఈసారి అన్నీ తెలుసు. క్యాథ్ ల్యాబ్‌లోని చలి తెలుసు. మణికట్టు దగ్గర సూది పోటు తెలుసు. బెలూన్ ఉబ్బించిన కొద్ది క్షణాలు ఛాతీలో వచ్చే నొప్పి తెలుసు. అన్నిటికంటే మించి, ఒకసారి బాగు చేసినది నిలవలేదని తెలుసు. ‘ఒకసారి చేయించుకున్నారు కదా, ఇక భయమేమిటి?’ అని చుట్టాలు అంటారు. ఒకసారి చేయించుకున్నాను కనుకనే భయం అని వారికి తెలియదు.

ఆనాడు ఆ తల్లికి చెప్పని సమాధానం ఈనాడు నా వంటి స్టెంటు రోగులకైనా చెబుతాను. బెలూన్‌తో గుండె ధమనిని తెరిచే చికిత్సను 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మొదటిసారి మనిషికి చేశాడు. బెలూన్ మాత్రమే వాడిన ఆ రోజుల్లో సుమారు మూడింట ఒక వంతు రోగులకు కొద్ది నెలల్లోనే ధమని మళ్ళీ ఇరుకయ్యేది. 1986లో లోహపు జాలీ వంటి స్టెంటు వచ్చింది, ఆ సంఖ్య తగ్గింది. మందు పూసిన స్టెంట్లు వచ్చాక ఇంకా తగ్గింది. నేడు స్థూలంగా నూటికి ఐదు నుంచి పది మందిలో కొన్నేళ్ళ కాలంలో స్టెంటు మళ్ళీ పూడుకుంటుంది. దానికి కారణాలున్నాయి. ధమని గోడ తనకు తగిలిన గాయాన్ని మాన్పుకునే క్రమంలో లోపలి పొర అతిగా పెరగవచ్చు. స్టెంటు పూర్తిగా విచ్చుకోకపోయి ఉండవచ్చు. లోపల కొత్త కొవ్వు చేరవచ్చు. మధుమేహం ఉన్నవారికి, సన్నని ధమనులున్నవారికి ఈ అవకాశం ఎక్కువ.

అంటే ఇది రోగి చేసిన పాపం కాదు. ‘నువ్వు ఆ రోజు పెళ్ళిలో బిర్యానీ తిన్నావు, అందుకే’ అని ఇంట్లో తీర్పులు చెప్పేవారు దయచేసి మానుకోవాలి. పొగాకు, అదుపు తప్పిన మధుమేహం, మానేసిన మాత్రలు కీడు చేస్తాయి, నిజమే. కానీ అన్నీ సక్రమంగా పాటించినవారికి కూడా స్టెంటు పూడుకోవచ్చు. రెండవసారి చికిత్సకు నేడు మెరుగైన పరికరాలున్నాయి. ధమని లోపలి నుంచే చిత్రం తీసి మొదటిసారి ఏం లోపం జరిగిందో చూడవచ్చు. మందు పూసిన బెలూన్ వాడవచ్చు, మరో స్టెంటు వేయవచ్చు, కొందరికి బైపాస్ మేలు కావచ్చు. ‘రెండోసారి చేసింది నిలుస్తదా?’ అంటే, ఎక్కువ మందికి నిలుస్తుంది, అందరికీ నిలుస్తుందని హామీ లేదు. మొదటి కారణమేదో కనిపెట్టి సరిదిద్దితే నిలిచే అవకాశం పెరుగుతుంది. ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఈ రెండు నిమిషాలు ఇవ్వని చోట ఆ ఖాళీని మరొకరు నింపుతారు. వారిలో మొదటివారు భయాన్ని అమ్మేవారు. ‘మీ గుండెలో బాంబు ఉంది, ఏ క్షణమైనా పేలుతుంది’ అనే మాట నేను రోగుల నోట ఎన్నోసార్లు విన్నాను. ఎవరో వైద్యులే వారితో అని ఉంటారు. గుండెపోటు వచ్చిన మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే, అందులో సందేహం లేదు. కానీ నడిస్తే నొప్పి వచ్చి, ఆగితే తగ్గే నిలకడ స్థితి వేరు. 2020లో ఫలితాలు ప్రచురించిన ఇస్కీమియా అనే అంతర్జాతీయ పరిశోధనలో 5,179 మంది పాల్గొన్నారు, భారతీయులు కూడా అందులో ఉన్నారు. నిలకడగా ఉన్న రోగులకు వెంటనే స్టెంటో బైపాసో చేసినా, ముందు మందులతో చికిత్స మొదలుపెట్టినా, మూడేళ్ళకు పైబడిన పరిశీలనలో మొత్తం మీద మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి చికిత్స వల్ల ఉపశమనం మాత్రం దక్కింది.

దీన్ని అందరికీ వర్తింపజేయకూడదు. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారు, గుండె బాగా బలహీనపడినవారు, ఇటీవలే గుండెపోటు వచ్చినవారు ఆ పరిశోధనలో లేరు. కనుక ‘నేను ఏ కోవలో ఉన్నాను?’ అని మీ వైద్యుణ్ణి అడగండి. ‘మీరు నిలకడగా ఉన్నారు, ఈ రెండు వారాలు మందులు మిమ్మల్ని కాపాడతాయి’ అని చెప్పదగిన రోగికి బాంబు కథ చెప్పడం వైద్యం కాదు, వ్యాపారం.

రెండవవారు నిజాన్ని దాచేవారు. ‘నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేడు’ అనే బిడ్డల ప్రేమను నేను శంకించను. కానీ తండ్రి అమాయకుడు కాడు. తలుపు చాటున గుసగుసలు వింటాడు, కోడలి ముఖం చదువుతాడు. ఉన్న నిజం కంటే ఊహించుకున్న నిజం ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది. తేదీ నిర్ణయించుకుని చేసే ఆంజియోప్లాస్టీలో ప్రాణాపాయం సాధారణంగా నూటికి ఒకరి కంటే తక్కువ. మూత్రపిండాలు చెడినవారికి, గుండె బలహీనమైనవారికి అంతకంటే ఎక్కువ. ఈ సంఖ్య చెప్పని రోగి తన మనసులో ఎంత వేసుకుంటాడో తెలుసా? నేను అడిగి చూశాను. ‘సగం సగం’ అన్నాడొకాయన.

మా ఇంటికి దగ్గరలో ఉన్న విమానాశ్రయాన్ని చూడండి. విమానం రెండు గంటలు ఆలస్యమైతే తెర మీద కొత్త సమయం పడుతుంది. గేటు మారితే ఆ సంగతి చెబుతారు. ప్రయాణికుడు విసుక్కుంటాడు, కానీ అతనికి దిక్కు తెలుసు. ఢిల్లీ వెళ్ళేవాడికి ఇచ్చే ఈ మర్యాద క్యాథ్ ల్యాబ్‌కు వెళ్ళేవాడికి ఎందుకు లేదు? 2021 ఫిబ్రవరిలో దానం చేసిన ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైలులో తరలించిన నగరం మనది. పెట్టెలో ఉన్న గుండె కోసం అంత ఏర్పాటు చేయగలిగినవారం, మనిషి ఛాతీలో ఉన్న గుండె కోసం ఒక కాగితం రాసివ్వలేమా?

ఈ నగరం గుండె చికిత్సలో వెనుకబడినదీ కాదు. 1990లలో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చౌక స్టెంటు రూపొందించింది ఇక్కడే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై, పేదవాడికి గుండె ఆపరేషను అందుబాటులోకి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది. మందు పూసిన స్టెంటు ధర 29,600 రూపాయలకు దిగింది. లోహం ధర తగ్గించాం. రోగి చెల్లిస్తున్న భయం ధర ఎవరూ లెక్కించలేదు.

‘ఓపీలో వందమంది ఉంటే భయాలు వినడానికి సమయమెక్కడిది?’ అని నా సహవైద్యులు అడుగుతారు. ఆ ఓపీలో ముప్ఫై మూడేళ్ళు కూర్చున్నవాడిని, ఆ కష్టం నాకు తెలుసు. అయితే ఈ పని వైద్యుడే చేయాలని లేదు. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. తెలుగులో అచ్చువేసిన ఒక్క కాగితం సగం పని చేస్తుంది. దానిలో ఐదు సంగతులుంటే చాలు: ఇప్పుడు నా స్థితి ఏమిటి, మొదటి చికిత్స ఎందుకు నిలవలేదు, ఈసారి ఏం చేస్తారు, అపాయం ఎంత, తేదీ వచ్చే లోపు ఇబ్బంది కలిగితే ఎవరికి ఫోను చేయాలి. తేదీ మారితే ఆసుపత్రే రోగికి ముందుగా చెప్పాలి. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. ప్రభుత్వ పథకం కింద చేసినా, బీమా కింద చేసినా, ఈ కాగితం లేనిదే చికిత్స అనుమతి ఇవ్వకూడదని నియమం పెట్టాలి. ఆంజియోగ్రామ్ సీడీ ఇచ్చినట్టే ఇదీ ఇవ్వాలి.

‘అపాయం చెబితే భయం పెరుగుతుంది’ అనేది రెండవ అభ్యంతరం. కొందరికి కొంతసేపు పెరగవచ్చు. కానీ ఆ భయానికి ఒక హద్దు ఉంటుంది. చెప్పకపోతే కలిగే భయానికి హద్దు ఉండదు. వివరాలు వద్దనే రోగి ఉంటే అతని కోరికను మన్నించాలి. అయితే వద్దనే హక్కు అతనిది, దాచే హక్కు మనది కాదు.

వ్యవస్థ మారేదాకా ఆగలేని నా తోటి రోగులకు కొన్ని మాటలు.

మీ భయాన్ని ఒక కాగితం మీద రాయండి. ‘భయంగా ఉంది’ అని కాదు, దేనికి భయమో రాయండి. నేను రాసినప్పుడు ఏడు అంశాలు వచ్చాయి. వాటిలో నాలుగు వైద్యుడు సమాధానం చెప్పగలిగినవి, రెండు ఇంటి లెక్కలకు సంబంధించినవి, ఒక్కటే ఎవరూ ఏమీ చేయలేనిది.

రక్తం పలుచన చేసే మాత్రలు వైద్యుడు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకండి. భయం ఎక్కువైన వేళ కూర్చుని, నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. వైద్యుడు అనుమతించిన మేరకు నడవండి. రాత్రిపూట సెల్‌ఫోనులో గుండె వీడియోలు చూడకండి.

మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోకండి. అల్ప్రజోలం వంటివి అలవాటుగా మారతాయి, పెద్దవయసులో తూలి పడిపోయేలా చేస్తాయి. రెండు వారాలు దాటినా ఆందోళన తగ్గకపోతే, తిండి సయించకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. గుండె రోగులు వాడదగిన మందులున్నాయి. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు చెల్లించకుండానే తెలుగులో మాట్లాడవచ్చు. అది సిగ్గుపడవలసిన పని కాదు.

ఒక హెచ్చరిక. ఛాతీలో వచ్చిన ప్రతి నొప్పినీ ‘టెన్షన్ వల్లనే’ అని మీకు మీరే తేల్చుకోకండి. విశ్రాంతిలో ఉండగా నొప్పి వచ్చినా, మునుపటి కంటే తరచుగా వస్తున్నా, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉన్నా అది భయమో రోగమో నిర్ణయించవలసింది మీరు కాదు. నాలుక కింద పెట్టుకునే మాత్రను మీ వైద్యుడు రాసిచ్చి ఉంటే కూర్చుని వాడండి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోను చేయండి. మాత్ర లేనివారు ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకండి. స్వయంగా వాహనం నడుపుకుంటూ బయలుదేరవద్దు.

నిన్న నేను మళ్ళీ ఆ యువ వైద్యుడి దగ్గరకు వెళ్ళాను. వైద్యుడిగా కాదు, రోగిగా. ఏడు అంశాల కాగితం బల్ల మీద పెట్టాను. అతను మొదట కాస్త ఇబ్బంది పడ్డాడు, తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. మొదటి స్టెంటు ఒకచోట పూర్తిగా విచ్చుకోలేదని, ఈసారి లోపలి చిత్రం చూసి సరిచేస్తానని బొమ్మ గీసి చూపించాడు. ఎనిమిది నిమిషాలు పట్టింది. వచ్చేటప్పుడు ఆ కాగితం జిరాక్సు తీసుకోవచ్చా అని అడిగాడు. ఇచ్చి వచ్చాను.

భయం పోయిందా? పోలేదు. ఈ తెల్లవారుజామున కూడా మెలకువ వచ్చింది. నా భార్య అడిగినప్పుడు ఈసారి విమానాల మీద నేరం మోపలేదు. ఉన్న మాట చెప్పాను. “నాకూ అంతే భయంగా ఉందండీ” అన్నది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో, ఇన్ని రాత్రులుగా, ఆమెను నేను ఒక్కసారీ అడగలేదు.

వైద్య మిత్రులారా, రేపు మీ ఎదుట రెండవసారి వచ్చిన గుండె రోగి కూర్చుంటాడు. ‘ధైర్యంగా ఉండండి’ అనే మాట నాలుక చివరకు వస్తుంది. ఒక్క క్షణం దాన్ని ఆపి, “దేనికి భయపడుతున్నారు?” అని అడగండి. అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి. ఆ స్త్రీకి నేను చేయని వైద్యం అది.

మీ ఆరోగ్యాన్ని కోరే,
మీ వైద్య మిత్రుడు